అప్‌డేట్: గచ్చిబౌలి ఫ్లాట్ విషయం తేలింది

నెలకు 42,000 రూపాయల అద్దె, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్న సింగిల్ బెడ్‌రూమ్ లగ్జరీ ఫ్లాట్‌ను తీసుకోవచ్చా అని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్లు బేరమాడగా ఓనరు గారు మూడు నెలలకు ఒప్పుకున్నారు; మెయింటెనెన్సు మాత్రం తగ్గించలేదు. అందరిలాగే 11 నెలలకే అగ్రిమెంటు రాసుకున్నాము. సంతకానికి ముందు ఒక సాయంత్రం వెళ్లి కుళాయి తిప్పి చూస్తే, పాలరాయి పరచిన ఆ బాత్రూమ్‌లో నీటి ధార నూలుపోగులా వచ్చింది (స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోయి, మొదటిసారి ఇది గమనించనే లేదు). ప్రెషర్ పంపు బిగించిన తరువాతనే అడ్వాన్సు చెల్లించాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె పట్టుకుంటారన్న షరతు అలాగే ఉండిపోయింది. ఆదివారం పాలు పొంగిస్తున్నాము.