భయపడితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. నాన్నకు బైపాస్ అయినప్పటి నుంచి రాత్రి ఫోన్ మోగితే చాలు, గుండె దడ, చెమటలు, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టదు. ప్రార్థన చేస్తున్నా తగ్గట్లేదు. మా ప్రేయర్ గ్రూపులో ఒకాయన బైబిల్లో రెండో తిమోతి 1:7 చూపించి, దేవుడు పిరికి ఆత్మ ఇవ్వలేదు, నీకే విశ్వాసం తక్కువ అన్నారు. ఇప్పుడు భయంతో పాటు, భయపడటం పాపమేమో అనే టెన్షన్ కూడా పట్టుకుంది.

జవాబు:
సిస్టర్, ఆ మాట వదిలేయండి. పౌలు అది రాసింది సువార్త కోసం శ్రమపడటానికి తిమోతి వెనకాడకూడదని, తండ్రి గురించి బెంగపడే కూతుర్ని నిలదీయడానికి కాదు. అదే పౌలు, కొరింథుకు భయంతో, వణుకుతో వచ్చానని ఒప్పుకున్నాడు (మొదటి కొరింథీ 2:3). సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్యే ఎంత వేదన పడ్డారు! ఆయనకూ విశ్వాసం తక్కువ అంటారా ఆ పెద్దమనిషి?

జవాబు:
మొదటి రాజులు 19 చదువు చెల్లీ. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి ఇక చచ్చిపోతాను ప్రభువా అంటే, దూత వచ్చి వాక్యం చెప్పలేదు, లేచి తినమని రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. నిద్ర లేకపోతే ప్రార్థన కూడా సాగదు. డాక్టర్‌ని కలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

జవాబు:
డాక్టర్ సరే, ప్రార్థన మాత్రం ఆపొద్దు. పెద్ద ప్రార్థన రాకపోతే కీర్తన 56:3 ఒక్కటే చాలు, దావీదు కూడా భయం వేసిన రోజే దేవుణ్ణి నమ్ముకుంటానన్నాడు.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అక్కా, బ్రదర్స్. సోమవారం నాన్న చెకప్ ఉంది, నా సంగతి కూడా అక్కడే అడుగుతా.