80 శాతం దాటాక ఛార్జింగ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ కారు ఫాస్ట్ ఛార్జర్ వద్ద 80 శాతం వరకు చకచకా ఎక్కి, ఆపై నత్తనడక నడుస్తోంది, నిన్న వెనుక మరో ఇద్దరు ఎదురుచూస్తుండగా, చివరి 20 శాతానికి అరగంటకు పైగా పట్టింది. ఇది బ్యాటరీ లోపమా?

జవాబు 1: లోపం కాదండి. లిథియం అయాన్ సెల్ నిండేకొద్దీ దాని వోల్టేజీ గరిష్ఠ పరిమితికి చేరుతుంది కనుక, సెల్ దెబ్బతినకుండా కారు తనంతట తానే కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. దారిలో 80 దగ్గరే ఆపి, మిగిలినది ఇంట్లో రాత్రిపూట ఎక్కించుకోండి.

జవాబు 2: ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే లిథియం అయాన్ రకం) బ్యాటరీ అయితే మాత్రం అప్పుడప్పుడు 100 వరకు నింపాలి, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. నా కారు 12 చూపుతూ ఉన్నట్టుండి 4కు దిగింది. ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ ఇల్లు చేరాను.

ప్రశ్నించినవారు: మాన్యువల్ చూశాను, నాదీ ఎల్‌ఎఫ్‌పీయే. ఈ రాత్రి ఇంట్లోనే పూర్తిగా నింపుతాను.