పాత ఇంట్లో స్నానాల గది తిరిగి చేయించడం: కాంట్రాక్టరుతో ఏమేమి ముందే మాట్లాడుకోవాలి?

రామగిరి నివాసి, నల్లగొండ:
మాది పాతికేళ్ల నాటి ఇల్లు. పై అంతస్తు స్నానాల గదిలో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. వాటి సందుల్లోంచి నీరు దిగి, కింది గది స్లాబుకు చెమ్మ పట్టి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. మొత్తం తవ్వించి కొత్తగా చేయించాలని నిర్ణయించాము. ఒక కాంట్రాక్టరు సామానుతో సహా గుత్తకు చేస్తానంటూ సగం డబ్బు ముందే అడుగుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా ఇదే గది వాడుతారు. అనుభవమున్న వారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్:
సగం డబ్బు ముందే ఇవ్వకండి. మేము చేయించినప్పుడు పని దశలను బట్టి విడతలు రాసుకున్నాము: తవ్వకం, పైపుల పరీక్ష, నీరు నిలిపి చూడడం, టైల్స్, చివరి విడత మాత్రం కొన్నాళ్లు వాడి చూసిన తరువాత. కాంట్రాక్టరు మొదట ఒప్పుకోలేదు. మేస్త్రీలకు వారం వారం కూలి ఇవ్వక తప్పదని అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది కనుక కూలి డబ్బు వారానికి ఒకసారి ఇస్తూ, టైల్స్, నల్లాలు, పైపుల డబ్బు దుకాణంలో మేమే కట్టాము. దానితో ఇద్దరికీ పేచీ లేకుండా పోయింది. పైపు ఏ రకం, నల్లా ఏ కంపెనీది, గోడకు టైల్స్ ఎంత ఎత్తు వరకు అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. ‘మంచివే వేస్తాను’ అన్న మాటను రేపు ఎవరూ కొలిచి చూపలేరు.

మిర్యాలగూడ:
పైపుల పరీక్ష విషయం నేనూ గట్టిగా చెబుతాను. మా కాంట్రాక్టరు ఆ పరీక్ష చేయకుండానే టైల్స్ అతికించారు. తరువాత గోడలోని జాయింటు కారడంతో కొత్త టైల్స్‌నే పగలగొట్టించవలసి వచ్చింది.

సైట్ ఇంజనీరు, సూర్యాపేట:
మీ ఇంట్లో అసలు సమస్య బండలు కాదు, వాటి కింద నీటిని ఆపే పొర లేకపోవడం. అందువల్ల టైల్స్ రంగు కంటే ముందు ఈ పొర గురించి మాట్లాడండి. తవ్వకం అయ్యాక నేలను శుభ్రం చేసి, నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ గొట్టం) చుట్టూ, పైపులు స్లాబును దాటే చోట్లా సందులు గట్టిగా పూడ్చి, గోడ నేలను కలిసే మూలల్లో సిమెంటును వాలుగా నింపిన తరువాతే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయాలి. ఒక పూత నిలువుగా, అది ఆరాక రెండవది అడ్డంగా వేయించండి. పూత గోడల మీదికి కనీసం ఒక అడుగు ఎక్కాలి. షవర్ ఉన్న వైపు మనిషి ఎత్తు వరకు ఉంటే మేలు. పూర్తిగా ఆరిన తరువాత ట్రాప్ మూసి, నీరు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి, 24 గంటలకు తక్కువ కాకుండా, వీలైతే 48 గంటలు ఉంచండి. కొద్దిగా ఆవిరి కావడం సహజం. గీత నుంచి నీరు బాగా దిగినా, కింది స్లాబులో కొత్త తడి కనిపించినా టైల్స్ పని మొదలు పెట్టనివ్వకండి. నేల వాలు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున ట్రాప్ వైపు ఉండాలి.

దేవరకొండ:
మన జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది, కానీ నల్లాలను పాడు చేసేది బోరు నీటిలోని సున్నపు గుణం. షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి, గీజర్ రాడ్డు మీద పొర కడుతుంది. కాబట్టి విప్పి కడగడానికి వీలైన షవర్ తీసుకొని, గీజర్ లైనుకు విడిగా వాల్వు పెట్టించండి. గీజర్‌కు ఎర్తింగుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) కూడా తప్పనిసరిగా ఉండాలి.

రామగిరి నివాసి, నల్లగొండ:
అందరికీ కృతజ్ఞతలు. నీరు నిలిపి చూడడానికి కాంట్రాక్టరు ఒప్పుకున్నారు. అమ్మ కోసం గడప పూర్తిగా తీసివేయవచ్చా?

సైట్ ఇంజనీరు, సూర్యాపేట:
ఎత్తు గడప తీసివేయండి. కానీ స్నానాల గది నేల బయటి గది కంటే కొద్దిగా దిగువనే ఉండాలి, లేకపోతే నీరు బయటికి వస్తుంది. జారని టైల్స్ వేయించి, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ బిగించండి. దాని మరలు టైల్‌ను దాటి ఇటుక గోడలోకి దిగాలి.

మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్:
తవ్విన మట్టి, పగిలిన బండలు ఎవరు ఎత్తిపోయించాలో కూడా ఆ కాగితంలోనే రాయించండి. మా వీధిలో తగవులన్నీ అక్కడే వస్తున్నాయి.