పాలిమర్ తోక ఉన్న లిగాండ్: మూడో సైకిల్‌కే పడిపోతోంది

కొత్త_రీసెర్చర్: పల్లాడియం క్యాటలిస్ట్‌ని పట్టుకుని ఉండే లిగాండ్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్. దానికి పాలీఐసోబ్యుటిలిన్ అనే పాలిమర్ తోక తగిలించి సుజుకి రియాక్షన్ (రెండు కార్బన్ ముక్కల్ని కలిపేది) చేస్తున్నాను. క్యాటలిస్ట్‌ని ప్రతి సైకిల్‌లో మళ్లీ వాడుకోవాలని. సాల్వెంట్లు రెండు: హెప్టేన్, నీళ్లు కలిసిన 90 శాతం ఇథనాల్. వేడి చేస్తే రెండూ కలిసిపోతాయి, చల్లారితే విడిపోతాయి. క్యాటలిస్ట్ పసుపు రంగంతా పై హెప్టేన్ పొరలోనే నిలుస్తోంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ యీల్డ్ మొదటిసారి తక్కువ, రెండోసారి బాగుంది, మూడోసారి సగానికి పడిపోయింది. శుక్రవారం గైడ్‌తో మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

ప్లాంటు_కెమిస్ట్: మొదటిసారి తగ్గడం తప్పేం కాదండి. ప్రొడక్ట్ కొంత హెప్టేన్‌లోనే ఉండిపోతుంది. ఆ పొర నిండాక తర్వాతి సైకిళ్లలో లెక్క సరిపోతుంది. మూడోదే అనుమానం. ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్ (ఫాస్ఫరస్ ఏ రూపంలో ఉందో పీకులుగా చూపే పరీక్ష) తీశారా?

కొత్త_రీసెర్చర్: తీశాను సార్. మైనస్ 5 దగ్గరి ఫాస్ఫీన్ పీక్ చాలా చిన్నదైంది, 29 దగ్గర కొత్తది లేచింది.

ప్లాంటు_కెమిస్ట్: ఫాస్ఫీన్ గాలికి ఆక్సైడ్ అయ్యుండొచ్చు. సెపరేటింగ్ ఫనెల్‌లో పోసి వేరు చేస్తున్నారా? మానేయండి, గాలి తగిలేది అక్కడే. ష్లెంక్ ఫ్లాస్క్‌లోనే (గాలి తగలకుండా పని చేసుకునే ఫ్లాస్క్) ఉంచి, నైట్రోజన్ కింద కాన్యులాతో (సన్నటి గొట్టం) కింది పొర లాగేయండి. కొత్తగా పోసే ఇథనాల్‌లో కూడా ముందు నైట్రోజన్ బబుల్ చేయాలి. ఇది తెలియక మాకు నెల పోయింది.

ఎన్ఎంఆర్_గది: 29 కనిపించగానే ఆక్సైడ్ అనేయొద్దు. పల్లాడియంతో కట్టుకున్న ఫాస్ఫీన్ కూడా ఇరవైల్లోనే కనిపిస్తుంది. అదే ట్యూబ్‌లో తెలిసిన ఆక్సైడ్ కొంచెం కలిపి చూడండి, పాత పీకే పెరిగితే సందేహం తీరుతుంది.

పెగ్_అనుభవం: నేను మిథాక్సీ పెగ్ 5000 (అణుభారం 5000 ఉన్న పాలీఇథిలీన్ గ్లైకాల్) తోక వాడాను. గ్రాముకి 0.2 మిల్లీమోల్ లిగాండే వస్తుంది. 10 మిల్లీమోల్ రియాక్షన్‌కి 1 శాతం లిగాండ్ వేయాలంటే అర గ్రాము తూచాలి. అది భరించాను. కానీ నీళ్లలో రియాక్షన్ చేసి, లిగాండ్‌ని తిరిగి రాబట్టడానికి సీసాల కొద్దీ డైఇథైల్ ఈథర్ పోయాల్సి వచ్చింది. ఇందులో గ్రీన్ ఏముంది అని చాలా బాధేసింది. ఏ సాల్వెంట్, ఎలా వేరు చేస్తాం అన్నది తేలాకే తోక ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. 1984 నుంచి జర్మనీలోని ఓబర్‌హౌజెన్ ఫ్యాక్టరీలో రోడియం క్యాటలిస్ట్‌ని నీటి పొరలో నిలిపింది, నీళ్లలో కరిగేలా సల్ఫొనేట్ గుంపులున్న ఫాస్ఫీనే, పాలిమర్ తోకే లేదు.

ప్లాంటు_కెమిస్ట్: నిజం. రంగు పై పొరలో ఉందని కూడా నమ్మకండి. పల్లాడియం కిందికి జారుతోందేమో చూడ్డానికి ప్రతి సైకిల్‌లో కింది పొరని ఐసీపీ-ఎంఎస్‌కి (లోహం అతి కొంచెం ఉన్నా కొలిచే పరీక్ష) పంపండి. నోటి ద్వారా వేసుకునే మందులో, రోజు డోసు 10 గ్రాములనుకుంటే, పల్లాడియం హద్దు 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు). హెప్టేన్ కూడా కొంత ఇథనాల్‌లోకి జారుతుంది. టెక్సస్‌లో బెర్గ్‌బ్రైటర్ అనే కెమిస్ట్ బృందం ఇందుకే హెప్టేన్ బదులు పాలీఆల్ఫాఓలిఫిన్ నూనెలు వాడి చూసింది.

కొత్త_రీసెర్చర్: ఆక్సైడ్ కలిపి చూశాను, 29 పీకే పెరిగింది. ష్లెంక్‌లో మళ్లీ మొదలుపెట్టాను. రెండో సైకిల్ ఇప్పుడే చల్లారుతోంది.