సోమవారానికి పరలోకం గుర్తుండట్లేదు, మీకూ ఇంతేనా?

ఒంగోలు_తమ్ముడు:
అందరికీ వందనాలు. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. మొన్న ఆదివారం మా పాస్టర్ గారు కొలొస్సయులకు 3:2 మీద వాక్యం చెప్పారు, భూమి మీద వాటిని కాదు, పైనున్న వాటి మీద మనసు పెట్టమని. కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాను. సోమవారం పొద్దున సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్ ఇంచు కదలకుండా ఆగిపోతే నేనేం చేస్తున్నానంటే, ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి ఫ్లాటు మీద ఇంకా ఎన్ని ఈఎమ్ఐలు ఉన్నాయో చూసుకుంటున్నాను. 214. రోజుకి రెండుసార్లు చూస్తాను, చూస్తే తగ్గుతాయన్నట్టు. ఈలోగా నాకంటే నాలుగేళ్లు జూనియర్‌కి ప్రమోషన్ ఇచ్చారు, మూడు రాత్రులు సరిగా నిద్ర లేదు, ఇంతవరకు అతనికి కంగ్రాట్స్ కూడా చెప్పలేదు. మా ఆవిడైతే "నీ భక్తి ఆదివారం ఒంటిగంట వరకే" అంటుంది. నా డౌటు ఒకటే. నిత్యత్వం మీద దృష్టి పెట్టడమంటే ఇవేవీ పట్టించుకోకుండా ఉండటమా? అలా ఉంటే ఈ ఊళ్లో ఉద్యోగం నిలుస్తుందా?

ఫ్రేజర్‌టౌన్_పెద్దాయన:
బాబూ, 3:2 దగ్గర ఆగిపోకుండా అధ్యాయం చివరిదాకా చదువు. పైనున్న వాటిని వెతకమన్న పౌలే కింద భార్యాభర్తలు, పిల్లలు, దాసులు చేసే చాకిరీ గురించి రాశాడు, ఏ పని చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమన్నాడు. అంటే పై సంగతి ఇంట్లో, పనిలో తేలాలి. ఇంకోటి, యిర్మీయా 32. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడేసి ఉంది, యిర్మీయా ప్రవక్తేమో చెరసాల ఆవరణలో ఉన్నాడు, ఆ టైములో అనాతోతులో పొలం కొన్నాడు! 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, క్రయపత్రాలు మట్టికుండలో భద్రం చేయించాడు. రియల్ ఎస్టేట్ వాళ్లెవరైనా నవ్విపోతారు. కానీ ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని దేవుడు చెప్పిన మాట మీద కొన్నాడు. కాబట్టి ఫ్లాటు కొనడం పాపమని ఎవరైనా అంటే పట్టించుకోకు. లూకా 12లో పంట బాగా పండితే పెద్ద కొట్లు కట్టుకుందామనుకున్న ధనవంతుడి కథ ఉంది కదా, ఆయన తంటా కొట్లు కట్టడం ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. ఆ కథంతా ఆయన తనతో తానే మాట్లాడుకుంటాడు, ఇంకో మనిషే కనపడడు.

నైట్‌డ్యూటీ_అక్క:
నేను ఐసీయూలో నర్సుని, పన్నెండేళ్లుగా. పోయే ముందు మనుషులు గొప్ప గొప్ప మాటలు చెబుతారని అందరూ అనుకుంటారు గానీ నేను విన్నవి తక్కువే. ఒక పెద్దాయన, మన తెలుగాయనే, ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మరీ కొడుకుతో "పాలాయనకి మూడొందలు బాకీ, ఇచ్చేయ్" అన్నాడు. నేను మాస్కు సరిచేస్తే మళ్లీ లాగి అదే మాట. అప్పట్లో అయ్యో, ఇంకా పాలలెక్కలేనా, రక్షణ గురించి ఒక్క మాట మాట్లాడడేంటి అనుకున్నాను. తర్వాత రోమీయులకు 13:8, ఎవరికీ ఏమీ అచ్చియుండవద్దన్నది, అంటే బాకీ ఉండొద్దన్నది, చదివినప్పుడు ఆ చెయ్యి గుర్తొచ్చింది. వెళ్లేవాడు లెక్క చూసుకుని వెళ్లాలనుకున్నాడు, అంతే కదా. తమ్ముడూ, నువ్వు 214 లెక్కపెడుతున్నావు. 90వ కీర్తనలో మోషే లెక్కపెట్టడం నేర్పమన్నది దినాలు. అదే కీర్తనలో ఆయుష్కాలం డెబ్బై ఏళ్లన్నాడు, అంటే సుమారు 25,550 రోజులు. నీ వయసుని 365తో గుణించి అందులోంచి తీసేసి చూడు ఒకసారి, ఆ సిల్క్ బోర్డు దగ్గరే.

కేఆర్‌పురం_సోదరి:
నేను కాస్త కటువుగా రాస్తాను, ఏమనుకోవద్దు. మా నాన్న ఇరవై ఏళ్లు "మనం పరదేశులం, ఇక్కడేదీ మనది కాదు" అని చెప్పి చెప్పి ఉన్న ఉద్యోగం మానేశాడు. అద్దె మాత్రం అమ్మ మిషన్ కుట్టి కట్టింది. అర్ధరాత్రి ఆ మిషన్ చప్పుడు, పక్కగదిలో నాన్న ప్రార్థన, రెండూ వింటూ పెరిగాను నేను. ఏది పైకి చేరిందో నాకైతే డౌటు లేదు. సొంతవాళ్లని చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని 1 తిమోతి 5:8లో ఉంది, దాని మీద ప్రసంగం మాత్రం ఎవరూ చేయరు. అన్నా, నీ ఈఎమ్ఐ నువ్వు కట్టుకో, అందులో తప్పేం లేదు. ప్రమోషన్ రానందుకు మూడు రాత్రులు మేలుకున్నావు చూడు, దాని సంగతి చూసుకో.

ఒంగోలు_తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్. సోదరీ, గట్టిగానే తగిలింది, తగలాల్సిందే. ఇవాళ ఆ జూనియర్‌ని టీకి తీసుకెళ్లాను. కంగ్రాట్స్ చెప్పడానికి నోరు రాలేదు కాసేపు, రెండో టీకి వచ్చింది. వాడేమో "అన్నా, మీరు మాట్లాడట్లేదని నేనే టెన్షన్‌లో ఉన్నా" అన్నాడు. మనసులో కుళ్లు పోయిందా అంటే పోలేదు, కొంచెం తగ్గింది. రోజుల లెక్క కూడా వేశాను అక్కా, సగం దాటేసింది. ఇదంతా మా ఆవిడకి చూపిస్తే పాలాయన సంగతి దాకా చదివి, "మరి వాచ్‌మన్‌కి కారు కడిగిన డబ్బులు రెండు నెలలవి ఇచ్చావా?" అంది. ఇవ్వలేదు. కిందికి వెళ్తున్నాను.