చిన్న పొరపాటు కనిపించినా మనిషిగానే పనికిరానని అనిపిస్తోంది

నరసాపురం అల్లిక:
అమ్మా నేనూ ఇంటి దగ్గరే లేసు అల్లుతాం. మొన్న బల్లగుడ్డ అంచులో ఒక కుట్టు తక్కువైందని నాలుగు రోజుల పని మొత్తం విప్పేశాను. వర్తకుడు పట్టించుకునేంత లోపం కాదని అమ్మ చెబుతూనే ఉంది. పోయిన కూలి కన్నా, "ఈ మాత్రం కూడా చేతకాని దాన్ని" అన్న మాటే రాత్రంతా బాధపెట్టింది. డిగ్రీలోనూ ఇంతే. రికార్డులో ఒక కొట్టివేత ఉంటే పేజీ చింపి మళ్లీ రాసేదాన్ని, చివరికి గడువు దాటాక ఇచ్చేదాన్ని. నాలాంటివారు ఇక్కడ ఉన్నారా?

పాలకొల్లు టీచరు:
ఉన్నానమ్మా. కెనడా మనస్తత్వవేత్తలు పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో, ఏ పనిలోనూ లోపమే ఉండకూడదనుకునే ఈ స్వభావాన్ని (పర్‌ఫెక్షనిజం) మూడు రకాలుగా విడదీశారు. తనకు తానే కఠినమైన కొలత పెట్టుకోవడం ఒకటి, ఎదుటివారి నుంచి అదే ఆశించడం రెండోది. లోకం నా నుంచి లోపమే లేని పనిని కోరుతోందని నమ్మడం మూడోది. నాది ఆ మూడోదే. "మాస్టారి అమ్మాయి తప్పు చేయదు" అని ఊరంతా మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఎక్కడ పోతుందోనని, తెలియని ప్రశ్న అడగడానికి కూడా జంకుతూ పెరిగాను.

ఆత్రేయపురం:
మేం పూతరేకులు చేస్తాం. కుండ వేడి కొంచెం తేడా వచ్చినా రేకు చిరుగుతుంది. అమ్మ దాన్ని లోపలి మడతలో పెట్టి, పైన మంచి రేకు చుడుతుంది. చిన్నప్పుడు నేను చిరిగినవన్నీ పక్కన పడేస్తే, "అదీ ఆ బియ్యమేగా" అనేది.

అమలాపురం నాన్న:
మా అబ్బాయి ఇంటర్ లెక్కల్లో 75కి 73 తెస్తే, నేను ఆ రెండు మార్కుల గురించే అడిగాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. పోయిన నెల జ్వరంతో పడుకుంటే నాకు మూడో రోజున, అదీ వాడి స్నేహితుడు చెబితే తెలిసింది. బాగున్న సంగతులే నాకు చెప్పాలని వాడికి నేర్పింది నేనే. ఇప్పుడు ఫోను చేస్తే ఏమి అడగాలో తెలియడం లేదు.

పాలకొల్లు టీచరు:
అన్నయ్యగారూ, ఇప్పుడు నాతో అన్న ఈ మాటే అబ్బాయితో అనండి. నరసాపురం అమ్మాయీ, నాకు కౌన్సెలర్ చెప్పిన పని ఒకటుంది. కావాలనే ఒక చిన్న లోపం వదిలేసి, మనం భయపడింది నిజంగా జరిగిందా లేదా చూడడం. మొదటిసారి నా అరచేతులు చెమటలు పట్టాయి. నిద్ర పట్టని రాత్రులు ఎక్కువైతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయమ్మా. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నరసాపురం అల్లిక:
విప్పిన దారంతోనే మళ్లీ మొదలుపెట్టాను. మూడో వరుసలో ఒక కుట్టు బిగిసింది, నాకు కనిపిస్తూనే ఉంది. చేయి రెండుసార్లు అటు వెళ్లింది. విప్పలేదు. వర్తకుడు శనివారం వస్తాడు, ఏమన్నాడో ఇక్కడే రాస్తాను.