గుమ్మడి పాదు నిండా పూలే, పిందె నిలవడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (గుంటూరు, గోరంట్ల)

అందరికీ నమస్కారం. మా కాలనీలో ఖాళీగా పడి ఉన్న స్థలాన్ని బాగు చేసుకుని పద్నాలుగు కుటుంబాలం మడులుగా పంచుకున్నాం. ఒక్కో మడి పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. నల్లరేగడి నేల. జూలై మొదటి వారంలో మూడు గుంటలు తీసి తీపి గుమ్మడి గింజలు పెట్టాను. తీగ ఎంత బాగా పాకిందంటే పక్క మడిలో వంగ మొక్కల మీదకు కూడా ఎక్కింది. రోజూ పది పన్నెండు పూలు పూస్తున్నాయి, కాయ మాత్రం ఒక్కటీ లేదు. ఇప్పటికి ఏడెనిమిది పిందెలు వచ్చాయి. అన్నీ గోలీకాయంత అయ్యాక పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని పక్క మడి పెద్దమ్మగారు మా పిల్లల్ని దగ్గరికే రానివ్వడం లేదు. ఒకరు యూరియా వేయమంటారు, ఇంకొకరు మందు కొట్టమంటారు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (విజయవాడ, పటమట)

యూరియా మాత్రం వేయకండమ్మా. నత్రజని ఎక్కువైతే ఆకు, తీగ, మగపూలే పెరుగుతాయి. రాలిన పిందెను కోసి చూశారా? లోపల పురుగు ఉందా?

ప్రశ్న అడిగినవారు

కోసి చూశానండీ. రెండింట్లో తెల్లటి చిన్న పురుగులున్నాయి, పైన సూది గుచ్చినట్టు మచ్చ, జిగురు చుక్క. మిగతావన్నీ శుభ్రంగానే ఉన్నాయి, ఊరికే ముడుచుకుపోయాయి. నేను తోటకు వెళ్ళేది సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చాక.

జవాబు (విజయవాడ, పటమట)

అయితే మీకు రెండు సమస్యలున్నాయి. పెద్దది ముందు చెప్తాను.

పురుగు లేకుండా ముడుచుకుపోయిన పిందెలకు పుప్పొడి అందలేదు. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు సన్నటి కాడ మీద ఉంటుంది, ఆడపువ్వు కింద పుట్టుకతోనే చిన్న పిందె ఉంటుంది. ఆ పిందెను చూసి కాయ పట్టిందని మనం సంబరపడతాం, కానీ అది అప్పటికింకా పువ్వులో భాగమే. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ రెండు మూడు గంటల్లో తేనెటీగ వాలి పుప్పొడి అంటిస్తేనే కాయ. లేకపోతే నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది. మీరు సాయంత్రం వెళ్ళి చూసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆగస్టులో పొద్దున్నే వాన పడితే ఈగలు బయటికి రావు. మీ తోటలో ఎవరైనా ఉదయం పూట మందు కొడుతున్నారా?

ప్రశ్న అడిగినవారు

అవునండీ. వంకాయకు కాయతొలుచు పురుగు పట్టిందని పక్క మడివాళ్ళు ఉదయం ఆరింటికే కొడుతున్నారు.

జవాబు (విజయవాడ, పటమట)

వాళ్ళతో గట్టిగా కాకుండా మంచిగా మాట్లాడండి. మందు ఆ ఒక్క మడికే అయినా తేనెటీగ పద్నాలుగు మడులదీ. సొర, బీర, దోస, కాకర వేసినవాళ్ళందరికీ ఇదే నష్టం. కొట్టక తప్పకపోతే పొద్దుగూకాక కొట్టమనండి. మీ తీగ వాళ్ళ వంగ మీద పడిందన్నారు కాబట్టి ముందు దాన్ని మీ మడిలోకి తిప్పుకుని వెళ్ళండి, మాట సులువుగా వింటారు.

ఈగల కోసం ఎదురుచూడకుండా మీరే పుప్పొడి అంటించండి. రేపు విచ్చుకునే ఆడమొగ్గ ఈ సాయంత్రానికే కొసన పసుపు తిరుగుతుంది, దాన్ని గుర్తు పెట్టుకోండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపల అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో కోసి, రేకులు ఒలిచేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రాయండి. ఒక్క ఆడపువ్వుకు రెండు మగపూలు వాడితే ఇంకా మంచిది. వాన పడేలా ఉంటే రేకులు దగ్గరికి చేర్చి దారంతో వదులుగా కట్టేయండి.

ఇక పురుగుది, పిందెను గుచ్చి లోపల గుడ్లు పెట్టే పండు ఈగ పని. రాలినవాటిని ఎరువు గుంటలో వేయకండి, పాలిథిన్ సంచిలో మూటకట్టి ఎండలో పడేయండి. నిలిచిన పిందెకు పల్చటి గుడ్డ సంచి తొడగండి. లింగాకర్షక బుట్ట (ఎర వాసనతో మగ ఈగలను రప్పించి పట్టేది) కొనేటప్పుడు జాగ్రత్త. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర గుమ్మడి మీద వాలే ఈగకు పనిచేయదు. పాదు పంటలకని చెప్పి క్యూ లూర్ ఎర అడిగి తీసుకోండి. మీ తోట మొత్తానికి రెండు చాలు.

జవాబు (గుంటూరు, కొరిటెపాడు)

ఒక మాట. పదడుగుల మడికి మూడు పాదులు ఎక్కువ, ఒక్కటి చాలు, మహా అయితే రెండు. ఈసారికి ఉంచేయండి. వచ్చేసారి రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి మూడు గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి. చిన్న కుటుంబమైతే అర్క సూర్యముఖి రకం చూడండి. కాయ కిలో ఉంటుంది, పండు ఈగను కూడా బాగా తట్టుకుంటుంది. ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించే బూడిద తెగులు వచ్చినా గంధకం పొడి చల్లకండి, గుమ్మడి జాతి ఆకులు మాడిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

మా పెద్దమ్మగారి మడిలో బూడిద గుమ్మడి ఉంది. ఆ మగపూలు వాడొచ్చా అండీ?

జవాబు (విజయవాడ, పటమట)

వాడకూడదు. పేరులో గుమ్మడి ఉన్నా అది వేరే జాతి, దాని పుప్పొడితో తీపి గుమ్మడి కాయదు. మీ పాదుదే మగపువ్వు వాడుకోండి, ఒకే తీగదైనా పర్లేదు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అన్నయ్యగారూ, నాలుగు పిందెలు నిలిచాయి! ఐదు రోజులు వరసగా ఉదయం వెళ్ళాను. ఒకటి అప్పుడే కొబ్బరికాయంత అయింది. పక్క మడివాళ్ళు కూడా సాయంత్రమే మందు కొడుతున్నారు. పెద్దమ్మగారికి పువ్వులు రాయడం చూపిస్తే, ఇప్పుడు ఆవిడే తన సొర పాదుకు చేస్తున్నారు. కాకపోతే సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కదా, నాకంటే ఆవిడకే వీలు. కాయ ఎప్పుడు కోయాలి? సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టడానికి పూలు కూడా కావాలి, ఈ పాదు అప్పటిదాకా ఉంటుందా?

జవాబు (విజయవాడ, పటమట)

చాలా సంతోషమమ్మా. కాయ కింద వరిగడ్డి పరవండి, తడి నేల తగిలితే కుళ్ళుతుంది. తొడిమ ఎండి బెండులా గట్టిపడి, గోరు గుచ్చితే దిగకుండా ఉన్నప్పుడు కోయండి. తొడిమ రెండంగుళాలు కాయకే ఉంచితే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఈ పాదు సంక్రాంతి దాకా ఆగదు. నవంబరు మొదట్లో ఇంకో రెండు గింజలు పెట్టండి, ధనుర్మాసానికి పూలు అందుకుంటాయి. గొబ్బెమ్మలకు మగపూలే కోయమని పిల్లలకు చెప్పండి.